జబ్బు ముదిరిందా, మోషన్ ఆగిందా? మంచం పట్టిన అమ్మానాన్నల విషయంలో అపోహలు - వాస్తవాలు

నేను ప్యాలియేటివ్ కేర్ (బాధలు తగ్గించే వైద్యం) డాక్టర్‌ని. నయం కాని జబ్బుతో మంచం పట్టినవాళ్లను ఇంటికెళ్లి చూస్తుంటాను. గుమ్మంలోనే ఎదురయ్యే మాట ఒకటుంది: "ఇంకేముంది డాక్టర్ గారూ, జబ్బు ముదిరిపోయింది." లోపలికెళ్లి చూస్తే చాలాసార్లు ముదిరింది జబ్బు కాదు, మలబద్ధకం. లేదంటే నోటిపూత, మూత్రంలో ఇన్ఫెక్షన్. పెద్ద జబ్బు నీడలో ఈ చిన్నవి ఎవరి కంటా పడవు.

అపోహ: పొంతన లేకుండా మాట్లాడుతున్నారంటే జబ్బు మెదడుకు పాకినట్టే.

ఒక ఇంట్లో కూతురికి రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. వాళ్లమ్మ గోడ మీద ఎవరో ఉన్నారంటోంది, దుప్పటి పీకేస్తోంది, కూతుర్నే "ఎవరు నువ్వు?" అంటోంది. "క్యాన్సర్ తలకెక్కింది కదండీ?" అని అడిగిందా అమ్మాయి. నేను ఆవిడ పొత్తికడుపు మీద చెయ్యి వేశాను. బొడ్డు కింద గుండ్రంగా, గట్టిగా తగిలింది. మెల్లగా నొక్కితే మొహం చిట్లించింది. మూత్రం ఆగిపోయింది. మోషన్ ఎప్పుడైందని అడిగితే ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లెక్కేస్తే ఆరు రోజులు. మూత్రానికి గొట్టం వేస్తే దాదాపు లీటరు వచ్చింది, మర్నాడు ఎనిమా ఇచ్చాం. మూడో రోజు వెళ్లేసరికి, "దీని జుట్టు చూడండి, దువ్వుకుని ఎన్నాళ్లయిందో" అని కూతురి మీద నాకు ఫిర్యాదు చేసిందావిడ.

గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో ఉన్నట్టుండి వచ్చే ఈ గందరగోళాన్ని డెలీరియం అంటాం. ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, రక్తంలో కాల్షియం పెరగడం, కొత్తగా మొదలెట్టిన మందు - కారణం ఏదైనా కావచ్చు, చాలావాటిని సరిచేయొచ్చు. కేకలు పెట్టేవాళ్లను అందరూ గమనిస్తారు. మాట్లాడకుండా మగతగా పడి ఉండే రకం కూడా ఉంది, దాన్నే నీరసం అనుకుని వదిలేస్తారు. ఆఖరి రోజుల్లో వచ్చే డెలీరియం మాత్రం చాలావరకు వెనక్కి తగ్గదు. అప్పుడు కూడా మనిషిని స్థిమితంగా ఉంచే మందులున్నాయి.

అపోహ: నీళ్ల విరేచనాలవుతుంటే మలబద్ధకం ఎక్కడిది?

అక్కడే ఉంటుంది. పేగు చివర మలం రాయిలా గట్టిపడి అడ్డుపడితే, పైనున్న నీళ్ల మలం పక్కల నుంచి జారి కారుతుంది. ఇంట్లోవాళ్లు విరేచనాలనుకుని కట్టడానికి మాత్ర వేస్తారు, అడ్డు ఇంకా బిగుస్తుంది. నాలుగైదు రోజులు మోషన్ లేకుండా ఉండి ఆ తర్వాత కొద్దికొద్దిగా నీళ్లలా పోతుంటే మాత్ర ముట్టుకోకండి, ముందు డాక్టరుకో నర్సుకో చూపించండి. నీళ్లు తాగలేని మనిషికి పీచు పొడులు పట్టించడం కూడా ఇలాగే ఎదురు తిరుగుతుంది. మందుల చీటీ పక్కనే ఒక కాగితం పెట్టి, మోషన్ అయిన తేదీ రాస్తుండండి. నేను వెళ్లగానే ముందు అడిగేది ఆ కాగితమే.

అపోహ: మార్ఫిన్ మొదలెట్టారంటే రోజులు దగ్గరపడ్డట్టే, పైగా అలవాటైపోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మెట్ల పద్ధతి (నొప్పి పెరిగేకొద్దీ బలమైన మందుకు వెళ్లడం) చెప్పింది, తీవ్రమైన నొప్పికి అందులో ప్రధానంగా ఉన్నది మార్ఫినే. ఇచ్చేది నొప్పిని బట్టి, మిగిలిన రోజులను బట్టి కాదు. నొప్పికి సరిపడా లెక్క ప్రకారం వాడితే వ్యసనంగా మారడం అరుదు. అలాగని చాలాకాలం వాడాక ఒక్కసారిగా మానేయకూడదు, మెల్లగా తగ్గించాలి. మామూలు మార్ఫిన్ మాత్ర దాదాపు 4 గంటలే పనిచేస్తుంది, అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి వేయమంటాం. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటారు. అందులో కొంత మందు మత్తు, కొంత ఎన్నో రాత్రుల నిద్ర బాకీ. మగత తగ్గుతుంది గానీ మలబద్ధకం తగ్గదు, కాబట్టి మోషన్ సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే పడాలి. మత్తు రోజురోజుకీ పెరుగుతున్నా, కాళ్లూ చేతులూ ఉలిక్కిపడ్డట్టు అదురుతున్నా మోతాదు మార్చాల్సి రావచ్చు, వెంటనే చెప్పండి.

అపోహ: బలవంతంగానైనా నాలుగు ముద్దలు పెట్టాలి.

ముందు టార్చి వేసి నోరు చూడండి. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పూత ఉంటే అది ఫంగస్ కావచ్చు. చుక్కల మందుతోనో మాత్రలతోనో సాధారణంగా వారం పది రోజుల్లో పోతుంది, తిండి మళ్లీ రుచిస్తుంది. కట్టుడు పళ్లుంటే రోజూ తీసి కడగాలి. నోరు శుభ్రంగా ఉన్నా, వికారం, మింగుడు లాంటి ఇబ్బందులేవీ లేకపోయినా, జబ్బు చివరి దశలో తిండి మీద ధ్యాస పోతే అది శరీరం తనంతట తాను సర్దుకోవడం. మగతలో ఉన్నవాళ్ల నోట్లో చెంచాతో పోస్తే కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది.

అపోహ: ఒక సెలైన్ ఎక్కిస్తే లేచి కూర్చుంటారు.

సెలైన్ అంటే ఉప్పు నీళ్లు, అందులో క్యాలరీలే ఉండవు. గ్లూకోజ్ సీసా అయినా, 500 మిల్లీలీటర్ల 5 శాతం ద్రావణంలో ఉండేది 25 గ్రాములు, 100 క్యాలరీలకు మించదు. వాంతులతో ఒళ్లు ఎండిపోయినప్పుడు పనికొస్తుంది. ఆఖరి రోజుల్లో మాత్రం ఆ నీరు కాళ్లలోకి, ఊపిరితిత్తుల్లోకి చేరి ఆయాసం తేవచ్చు. అప్పుడు తడి దూదితో పెదవులు, నాలుక తుడుస్తుండడమే దాహానికి అసలు వైద్యం.

అపోహ: నడుము కింద ఎర్రబడితే నూనెతో బాగా రుద్దాలి.

రుద్దొద్దు. లోపల అప్పటికే నలిగిన కండ ఇంకా చితుకుతుంది. 2 గంటలకోసారి పక్క మార్చండి, మడమల కింద ఖాళీ ఉండేలా పిక్కల కింద దిండు పెట్టండి.

అపోహ: ఎలాగూ నయం కాదు, ఇక హాస్పిటల్ ఎందుకు?

చాలావాటికి నిజంగానే అక్కర్లేదు, ఈ మాట హాస్పిటల్‌లో పనిచేసినవాడిగానే చెబుతున్నాను. రెండు మాత్రం వేరు. కీమో నడుస్తుండగా 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారెన్‌హీట్) దాటిన జ్వరం ఒకటి. క్యాన్సర్ ఉన్నవాళ్లకు కొత్తగా వెన్నునొప్పి మొదలై, దాంతోపాటు కాళ్లు పట్టు తప్పడం ఇంకొకటి. వెన్నుపాము నలుగుతున్నప్పుడు కాళ్లు పూర్తిగా పడిపోకముందే వైద్యం మొదలైతే నడక నిలిచే అవకాశం ఉంటుంది, ఆలస్యమైతే తిరిగి రావడం కష్టం. ఈ రెండింటికీ తెల్లారేదాకా ఆగకండి, రాత్రి రెండింటికైనా సరే డాక్టరుకు ఫోన్ చేసి బయల్దేరండి.