కొలరాడో కొండల్లో ఏ చిత్తడికి ఎంత విలువ: ర్యాంకుల వెనక కథ

అమెరికా సుప్రీంకోర్టు 2023 మేలో శాకెట్ కేసులో తీర్పు చెప్పాక చిత్తడి నేలల మీద వాదన అంతా చట్టం పరిధి చుట్టూనే తిరుగుతోంది. నది, సరస్సు లాంటి జలాలతో నేల పైన ఎడతెగని సంబంధం ఉన్న చిత్తడికే ఫెడరల్ స్వచ్ఛ జల చట్టం వర్తిస్తుందన్నది ఆ తీర్పు సారాంశం. రాకీ పర్వతాల ఫెన్‌లు భూగర్భ జలం మీద బతికే, పీట్ (సగం కుళ్లి పేరుకున్న మొక్కల అవశేషాలు) ఉన్న చిత్తడులు. వాలు అడుగున ఊట పుట్టి, వాగు కట్టకుండానే నేలలోకి ఇంకిపోయేవి కూడా వాటిలో ఉన్నాయి. ఆ చట్టం పరిధిలోకి రాని అలాంటి వాటి కోసం కొలరాడో 2024లో సొంత అనుమతుల చట్టం చేసుకుంది. కానీ ఏ చిత్తడిని ముందు కాపాడాలన్న ప్రశ్న ఈ తీర్పు కన్నా చాలా పాతది.

అది భూమి కొనుగోలు దగ్గర మొదలైంది. ది నేచర్ కన్సర్వెన్సీ సంస్థ పరిరక్షణ కోసం భూములు కొనేది. పరిమితమైన డబ్బును ఎక్కడ పెట్టాలో తేల్చడానికి రాబర్ట్ జెంకిన్స్ ఆధ్వర్యంలో 1974లో సౌత్ కరోలినాలో తొలి నేచురల్ హెరిటేజ్ ప్రోగ్రాం పెట్టారు. కొలరాడోలో అది 1979లో వచ్చింది. వారి ఆలోచన రెండు జల్లెడలది. మొక్కల సముదాయాలను కాపాడితే ముతక జల్లెడలో చాలా జాతులు వాటంతట అవే నిలుస్తాయి, ఎవరూ లెక్కపెట్టని నాచులూ పురుగులతో సహా. జారిపోయే అరుదైన జాతులను సన్న జల్లెడతో విడిగా పట్టుకోవాలి.

సముదాయానికైనా జాతికైనా ఇచ్చే ర్యాంకు జీ1 నుంచి జీ5 దాకా ఉంటుంది. జీ1 అంటే ప్రపంచం మొత్తంలో అంతరించే ప్రమాదం అత్యధికం, జీ5 అంటే భద్రం. ఇదే కొలమానాన్ని రాష్ట్రానికి పరిమితం చేస్తే ఎస్1 నుంచి ఎస్5. తొలినాళ్లలో ఎన్నిచోట్ల ఉందన్న లెక్కే ప్రధానం: 5 చోట్లకు మించకపోతే జీ1, 6 నుంచి 20 అయితే జీ2. తర్వాత విస్తీర్ణం, తగ్గుదల, ముప్పు కూడా లెక్కలోకి వచ్చాయి.

లెక్కపెట్టాలంటే ముందు పేరుండాలి. మొక్క జాతికి హద్దు ఉంటుంది, సముదాయానికి ఆ హద్దును మనమే గీయాలి. అందుకు ఆధారం స్విస్ శాస్త్రవేత్త బ్రాన్-బ్లాంకే పద్ధతి: ఒకేలా కనిపించే చోట ప్లాట్ (కొలత ప్రకారం గీసిన నేల ముక్క) వేసి, ప్రతి జాతి ఎంత నేలను కప్పిందో తరగతుల్లో రాయడం. 5 శాతం లోపు 1, 5–25 అయితే 2, అలా 75 దాటితే 5. అమెరికాలో మొక్కల సముదాయాలను వర్గీకరించి పేర్లు పెట్టే ఫెడరల్ ప్రమాణం 1997లో గాని రాలేదు. అందులో ‘సాలిక్స్ ప్లానిఫోలియా / కారెక్స్ అక్వాటిలిస్’ అని ఉంటే, గీతకు ఇవతల పై అంతస్తులోని విల్లో పొద, అవతల కింది తుంగ. ఒకే అంతస్తులో ఉన్నవాటి మధ్య అడ్డగీత వస్తుంది.

పొరపాట్లు ఎక్కువగా క్షేత్రంలోనే జరుగుతాయి. చెట్లు లేని చిత్తడిలో 100 చదరపు మీటర్ల ప్లాట్ మామూలు. అది పచ్చిక అంచులోకి జరిగితే రెండు సముదాయాలు కలిసిపోయి, లోకంలో లేని మూడోది పుడుతుంది. వాగు వెంట సన్నటి పట్టీ ఉంటే చతురస్రం మాని అంతే విస్తీర్ణంలో పొడవు ప్లాట్ వేయాలి. ఇక సమయం. కారెక్స్‌లను కాయ చూడకుండా జాతి దాకా గుర్తించడం కష్టం. ఆ ఎత్తుల్లో కాయ జులై, ఆగస్టుల్లో పక్వమవుతుంది, పశువులు ముందే మేస్తే అదీ దక్కదు. ప్లానిఫోలియా లాంటి విల్లోలు ఆకు రాకముందే పూస్తాయి. కాబట్టి ఒక్కసారి వెళ్లి వచ్చిన సర్వేలో ఏదో ఒక పేరు అనుమానంగానే ఉంటుంది.

మొక్కలు చూసి ఊరుకుంటే చాలదు, గొయ్యి తీయాలి. పై 80 సెంటీమీటర్లలో కనీసం 40 సెంటీమీటర్లు పీట్ ఉందా అన్నది ఫెన్‌ను తేల్చే సాధారణ గీటురాయి. గుప్పెడు పీట్ తీసి పిండితే దాని స్థితి తెలుస్తుంది. తేట నీరు కారితే నారలు ఇంకా కుళ్లలేదు, పీట్ ఎంత కుళ్లిందో చెప్పే వాన్ పోస్ట్ కొలమానంలో అది హెచ్1. ముద్ద మొత్తం వేళ్ల సందుల్లోంచి జారిపోతే హెచ్10. పక్కనే నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) రాయాలి. కొలరాడో నడుమ ఉన్న ఎత్తైన మైదానం సౌత్ పార్క్‌లో మస్కీటో పర్వత శ్రేణి సున్నపురాళ్ల మీదుగా వచ్చే నీటితో అది 7 దాటుతుంది, కొబ్రీసియా అనే తుంగ రకం అరుదైన సముదాయాలు ఉండేది అక్కడే. సాన్ హువాన్ పర్వతాల్లో పైరైట్ (ఇనుము, గంధకం ఉన్న ఖనిజం) రాళ్ల నీటితో తడిసే ఐరన్ ఫెన్‌లలో 4 కంటే తక్కువకు పడిపోవచ్చు.

ర్యాంకులు ఇంకా రెండున్నాయి. ఒక్కో చోట ఉన్న సముదాయానికి విస్తీర్ణం, స్థితి, చుట్టూ ఉన్న నేలను బట్టి ఏ నుంచి డీ దాకా ఇస్తారు. వీటన్నిటినీ కలిపి స్థలానికి బీ1 నుంచి బీ5. స్థితిని కొలవడానికి షికాగో ప్రాంతంలో స్వింక్, విల్హెల్మ్ తయారుచేసిన వృక్షజాతుల నాణ్యత సూచిక తర్వాత ఇక్కడికీ వచ్చింది: చెదరని నేలకు ఎంత అంటిపెట్టుకుని ఉంటుందో చూసి ప్రతి జాతికి 0 నుంచి 10. ఆ సగటును జాతుల సంఖ్య వర్గమూలంతో గుణించడం అసలు పద్ధతి. మా అభిప్రాయంలో ఫెన్‌లకు అది అన్యాయం. ఐరన్ ఫెన్‌లో సహజంగానే జాతులు తక్కువ, గుణిస్తే మార్కులు పడిపోతాయి. సగటు ఒక్కటే చూడటం మేలు.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది. కారెక్స్ అక్వాటిలిస్ సముదాయం పర్వతాలంతటా కనిపిస్తుంది, అందుకే దాని ప్రపంచ ర్యాంకు భద్రమైన కొసలోనే ఉంటుంది. అదే తుంగ నిన్నమొన్న ఏర్పడ్డ బురద మీదా పెరుగుతుంది, లోతైన పీట్ మీదా పెరుగుతుంది. రాకీల్లో పీట్ వెయ్యేళ్లకు సుమారు 20 సెంటీమీటర్లు పేరుకుంటుంది. అంటే 40 సెంటీమీటర్లు తోడేస్తే పోయేది రెండు వేల ఏళ్లు. సౌత్ పార్క్‌లో తోటల మట్టి కోసం పీట్ తవ్వకాలు జరిగిన చరిత్ర ఉంది. ఈ నష్టాన్ని మొక్క పేరుతో ఇచ్చే జీ ర్యాంకు చూపలేదు. అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ ప్రాంతీయ విభాగం 1999లో ఫెన్‌లన్నిటినీ, వాటి మీద ఏ సముదాయం ఉన్నా, భర్తీ చేయలేని ఆవాసాలుగా మొదటి కేటగిరీలో పెట్టడం సరైన పని.

ఒక చిత్తడి ర్యాంకుల పాత నమోదును ఈ రోజు అనుమతి దరఖాస్తులో వాడేవారు ముందు పైవాలున కాలువ ఏదైనా తవ్వారేమో చూడాలి. నీటిమట్టం పడిపోయాక కూడా తుంగ వేళ్ల దుంపల బలంతో ఏళ్ల తరబడి పచ్చగానే ఉంటుంది, మొక్కల జాబితా పెద్దగా మారదు. కింద పీట్ ఎండి, గాలి సోకి కుళ్లిపోతుంటుంది. అందుకే వేసవి పొడవునా చిన్న పరిశీలక గొట్టంలో నీటిమట్టం కొలిచి, ఆ అంకెలను ర్యాంకు పక్కనే రాయాలి.