గోడల మీద రాసే జబ్బు: లైంగికత, జెండర్ గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

నెల్లూరు నుంచి కావలి మీదుగా ఒంగోలు వరకు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే పొలాలు, రొయ్యల చెరువులు, పొగాకు బ్యారన్లు ఒకదాని తరువాత ఒకటి మారిపోతుంటాయి. ప్రహరీ గోడల మీద జబ్బు పేరు మాత్రం మారదు: నరాల బలహీనత. దాని కింద ఒక ఫోను నంబరు, నెలలో ఫలానా రోజున ఫలానా లాడ్జిలో వైద్యుడు దొరుకుతాడన్న కబురు. నేను క్లినికల్ సైకాలజిస్టును. ఆ లాడ్జి గది చూసి, మద్రాసు రైలెక్కి అక్కడి పెద్దాసుపత్రి కూడా చూసి, చివరి మజిలీగా నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లామని ఊళ్లో తెలుస్తుందేమోనన్న భయం అప్పటికీ వాళ్లను వదలదు. (నేను డాక్టరును కాను, మందులు రాయను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినిపించుకోరు.)

నరాల జబ్బులు ఉన్నాయి, వాటికి వైద్యులూ ఉన్నారు. గోడ మీద రాసిన జబ్బు మాత్రం వైద్య పుస్తకాల్లో కనిపించదు. శీఘ్రస్ఖలనం, అంగస్తంభన లోపం, నిద్రలో స్ఖలనం, నీరసం, పెళ్లి చూపుల ముందు గుబులు, వీటన్నిటినీ ఒకే గంపలో వేసి పైన అంటించిన పేరది. నా పనిలో సగం ఆ గంప దించి ఒక్కొక్కటి బయటికి తీసి చూపించడమే.

అపోహ: నలభై బొట్ల రక్తం కలిస్తే ఒక బొట్టు వీర్యం

ఈ లెక్క చెప్పని కుర్రవాడు నాకు అరుదు. హాస్టల్లో ఒకడు ఇంకొకడికి చెబుతాడు, లాడ్జి వైద్యుడు దానికి ముద్ర వేస్తాడు. నిజానికి ఒక్కసారి బయటికి వచ్చే వీర్యం మామూలుగా చెంచాడుకు మించదు. అందులో ఎక్కువ భాగం వీర్యకోశాలు, ప్రోస్టేట్ గ్రంథి తయారు చేసే ద్రవమే: నీరు, ఫ్రక్టోజ్ అనే చక్కెర, కొన్ని ప్రొటీన్లు, కాస్త జింకు. శుక్రకణాలు అందులో చాలా చిన్న భాగం. ఒక్కో కణం తయారు కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది గాని, తయారీ ఏ రోజూ ఆగదు. వాడకుండా మిగిలినవాటిని శరీరమే కరిగించి కలుపుకుంటుంది. అది దాచుకుంటే పెరిగే డబ్బు కాదు, ఖర్చయితే అప్పులపాలయ్యేదీ కాదు. హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చుబడవు, కళ్లు పోవు, పిల్లలు పుట్టకుండా పోరు.

ఈ భయానికి 1960లో మన దేశపు మానసిక వైద్యుడు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. ధాతువు అన్న మాట నుంచి వచ్చిన పేరది. ఆయుర్వేదం చెప్పే ఏడు ధాతువుల్లో చివరిది శుక్రం కదా. అయితే ఇది మన దేశపు భయమేనని అనుకోవద్దు. 1760లో స్విట్జర్లాండుకు చెందిన టిస్సో అనే వైద్యుడు ఒక ఔన్సు వీర్యం పోవడం నలభై ఔన్సుల రక్తం పోవడం కంటే హానికరమని రాశాడు. అక్కడా నలభయ్యే! భయాలు ఇంత దూరం ఎలా ప్రయాణం చేస్తాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇక అసలు నష్టం ఎలా జరుగుతుందో చూడండి. 'నీకు బలహీనత ఉంది' అన్న మాట చెవిన పడిన కుర్రవాడు ఆ రోజు నుంచి తనకు తానే కాపలా కూర్చుంటాడు. పంతులుగారు పెట్టిన ముహూర్తానికి శోభనం గదిలో అడుగు పెడతాడు. తలుపు బయట చుట్టాలు, తెల్లవారగానే ముఖాలు చదివే పిన్నమ్మలు. ఒంగోలు గిత్త కొమ్ములు దించుకుని మీదికి వస్తుంటే ఎవరికైనా ఆకలి వేస్తుందా? భయపడినప్పుడు అడ్రినలిన్ పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. అంగస్తంభనకు కావలసింది సరిగ్గా దానికి వ్యతిరేకం: కండరాలు సడలాలి, రక్తం నింపాదిగా చేరాలి. మొదటి రాత్రి కుదరలేదంటే రెండో రాత్రి భయం రెట్టింపవుతుంది. మూడో రాత్రికి అతనే గోడ మీది జబ్బు పేరు చెప్పుకుంటాడు.

అలాంటివాళ్లను నేను మొదట అడిగేది ఒకటే: తెల్లవారుజామున నిద్ర లేచేటప్పుడు స్తంభన ఉంటోందా? ఉంటోందంటే నరాలూ రక్తనాళాలూ చాలావరకు తమ పని తాము చేస్తున్నాయని అర్థం. ఒకబ్బాయి ఇదంతా విని, "మీరు చెప్పింది నాకు అర్థమైంది మేడం. కానీ ఏదో ఒక టానిక్ అయినా రాసివ్వండి, మందు లేకుండా తగ్గిందంటే మా మామగారు నమ్మరు" అన్నాడు.

అపోహ: అంతా మనసులోనే ఉంటుంది

ఇది మా వృత్తిలోవాళ్లు వ్యాపింపజేసిన అపోహ, అందుకే చెబుతున్నాను. నలభై దాటినవారికి స్తంభన తగ్గుతూ వస్తుంటే ముందు చక్కెర, రక్తపోటు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించాలి. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నవి. పూడిక ముందు అక్కడ బయటపడి, కొన్నేళ్ల తరువాత గుండెలో కనిపించవచ్చు. పొగాకు పండించే ప్రాంతంలో ఈ మాట ఎవరికీ రుచించదు గాని, చుట్ట, సిగరెట్ ఆ నాళాలను పాడుచేస్తాయి. కొన్ని రక్తపోటు మాత్రలకూ, మానసిక వైద్యులు ఇచ్చే కొన్ని మాత్రలకూ ఈ దుష్ఫలితం ఉంది. వాటిని మీ అంతట మీరు మానేయకుండా రాసిచ్చిన వైద్యుడికే చెప్పండి.

లాడ్జి పొడుల సంగతి కూడా ఒక మాట. 'మూలికలు' అని అమ్మే ఇలాంటి వాటిలో సిల్డెనాఫిల్ అనే అల్లోపతి మందు కలిపి ఉండటం ఎన్నోసార్లు పరీక్షల్లో బయటపడింది. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవారు అది మింగితే రక్తపోటు ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది.

అపోహ: గంటసేపు ఉంటేనే మగతనం

2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఐదు దేశాల జంటలు స్టాప్‌వాచ్ పట్టుకుని మరీ కొలిచారు. సగటు మనిషికి వచ్చిన లెక్క 5.4 నిమిషాలు. ఫోనులో చూసే వీడియోలు నటన, కత్తిరింపుల ఫలితం. ఇంతకంటే దీని గురించి చెప్పేది లేదు.

అపోహ: దుప్పటి మీద రక్తం కనిపించాలి

కన్నెపొర ఒక్కొక్కరికి ఒక్కో రకంగా ఉంటుంది, సాగుతుంది. చాలామందికి మొదటి కలయికలో రక్తమే రాదు. దాన్ని చూసి ఎవరి గతాన్నీ చెప్పలేము. అత్యాచార కేసుల్లో చేసే రెండు వేళ్ల పరీక్ష బాధితురాలి గౌరవానికి భంగమని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. ఆ పరీక్ష చేసే వైద్యులు దుష్ప్రవర్తనకు పాల్పడినట్లేనని 2022లో మళ్లీ చెప్పింది. కోర్టు వద్దన్న పరీక్షను ఇళ్లల్లో దుప్పటితో చేస్తున్నాం.

"అమ్మాయి సహకరించడం లేదు" అని చెప్పి భార్యను నా దగ్గరికి పంపే భర్తలుంటారు. ఈ 'సహకరించడం' అన్న క్రియ నాకు గుచ్చుకుంటుంది. దాంపత్యంలో ఆడవాళ్లకు మనం కేటాయించిన క్రియ అదొక్కటే. వచ్చిన అమ్మాయిల్లో కొందరికి ఉన్నది వెజైనిస్మస్. కంటి దగ్గరికి వేలు వస్తే రెప్ప దానంతట అది మూసుకున్నట్టే, యోని చుట్టూ ఉన్న కండరాలు వాటంతట అవే బిగుసుకుంటాయి. ఆమె ఎంత ఇష్టంగా ఉన్నా బిగుసుకుంటాయి. బలవంతం చేస్తే నొప్పి, నొప్పి గుర్తుతో ఇంకాస్త బిగింపు. చికిత్స ఉంది: కండరాలను సడలించడం నేర్పించే వ్యాయామాలు, చిన్నదాని నుంచి పెద్దదానికి పోయే డైలేటర్లు (యోనిని మెల్లగా సాగదీసి అలవాటు చేసే నున్నటి సాధనాలు), కొంతకాలం కలయిక జోలికే పోకుండా స్పర్శకు మాత్రమే పరిమితం కావడం. చివరిది అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు లైంగిక పరిశోధకులు 1970 నాటికే రూపొందించిన పద్ధతి. కలయిక వద్దని చెప్పగానే భార్యాభర్తలిద్దరి భుజాలూ ఒకేసారి కిందికి దిగడం నేను చాలాసార్లు చూశాను.

కోరిక విషయం కూడా ఇలాంటిదే. ముందు కోరిక, తరువాత దగ్గరితనం అన్న వరుస అందరిదీ కాదు. చాలామంది స్త్రీలలో దగ్గరితనం కలిగాకే కోరిక పుడుతుందని 2000లో రోజ్‌మేరీ బాసన్ అనే కెనడా వైద్యురాలు వివరించారు. దాన్ని చల్లదనం అనడం తప్పు.

అపోహ: పెళ్లి చేస్తే సర్దుకుంటుంది

కొడుకుకు అమ్మాయిల మీద ఇష్టం లేదని, మగవాళ్ల మీదే ఉందని తెలిశాక తల్లిదండ్రులు నన్ను అడిగే మాట ఇది. స్వలింగ ఆకర్షణను అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో జబ్బుల జాబితా నుంచి తీసేశాయి. 2018లో భారత మానసిక వైద్యుల సంఘం కూడా ఇది జబ్బు కాదని చెప్పింది. ఆ ఏడాది సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పుతో వయోజనుల ఇష్టపూర్వక సంబంధం నేరమూ కాకుండా పోయింది. 'మార్చేస్తాం' అని చేసే కన్వర్షన్ థెరపీని 2022లో జాతీయ వైద్య కమిషన్ వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది.

ఈ తేదీలన్నీ చెప్పినా పెద్దవాళ్లు కదలరు. "మీ అబ్బాయి సర్దుకోకపోతే ఆ వచ్చిన ఆడపిల్ల గతి ఏమిటి?" అంటే కదులుతారు. సొంత కొడుకు బాధకు కదలని మనసు పరాయి ఆడపిల్లకు కదలడం వింతే. పని జరుగుతుంది కాబట్టి ఆ మాటే వాడుకుంటున్నాను. ఇక నా తప్పు కూడా చెప్పాలి. వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక తండ్రితో "వయసుతో మారవచ్చు, చూద్దాం" అన్నాను. ఆయన ఆ మాట పట్టుకుని రెండేళ్లు వేచి ఉన్నాడు. ఆ రెండేళ్లూ కొడుకు ఖాతాలోవి.

అపోహ: ఆడంగితనం, గే, హిజ్రా అన్నీ ఒకటే

మూడు వేరువేరు ప్రశ్నలు. శరీరం ఎలా పుట్టింది? నేను ఎవరినని నాకు తెలుసు? నాకు ఎవరంటే ఇష్టం? ఒకదాని జవాబును బట్టి మరొకటి ఊహించలేము. మెత్తగా మాట్లాడే అబ్బాయి మెత్తగా మాట్లాడే అబ్బాయి, అంతే. పుట్టినప్పుడు అబ్బాయి అని రాసినా తాను అమ్మాయినని లోపల తెలిసిన వారి సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని తన జాబితాలోని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తీసి లైంగిక ఆరోగ్యం కింద పెట్టింది. తన జెండర్ ఏమిటో చెప్పుకునే హక్కు ఆ వ్యక్తిదేనని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా వాళ్లు దిగులుతో నా దగ్గరికి వస్తారు. ఆ దిగులులో ఎక్కువ భాగం ఇంట్లోంచి వెళ్లగొట్టడం వల్ల, బడిలో ఏడిపించడం వల్ల వచ్చిందే. రాత్రివేళ ఆ దిగులు మరీ ఎక్కువైతే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, డబ్బు కట్టనక్కరలేదు.

కందుకూరు వైపు నుంచి ఒక తల్లి వచ్చింది. మందు అడగలేదు, మార్చమనీ అడగలేదు. "ఇన్నేళ్లూ కొడుకనుకున్నాను. ఇప్పుడు ఏమని పిలవాలి మేడం?" అంది. ఆ మాట బిడ్డనే అడగమన్నాను. తరువాతి నెల వచ్చి చెప్పింది: "అడిగాను. 'చిన్నప్పటి నుంచి కన్నా అనే కదా పిలిచావు, అలాగే పిలువు' అంది."