ఉప్పుగాలిలో ఇల్లు: విశాఖ ఇంటీరియర్లపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఏళ్ల తరబడి నిగనిగలాడే స్టీలు హ్యాండిల్ విశాఖలో సముద్రం పక్కనున్న లాసన్స్ బే కాలనీలో రెండో వర్షాకాలానికే గోధుమరంగు చుక్కలు వేసుకుంటుంది. డిజైన్ అదే, కంపెనీ అదే, ధర అదే. మారింది గాలి ఒక్కటే. ఇల్లు చేయించుకునేవాళ్లు సోఫా రంగు మీద గంటలు కూర్చుంటారు. స్క్రూ ఏ లోహం, తలుపు అంచుకు ఏం అతికిస్తున్నారు అన్న ప్రశ్న మాత్రం బిల్లు వచ్చాకే పుడుతుంది. సముద్రం పక్కన ఇల్లు పాడయ్యేది సరిగ్గా ఆ రెండో రకం విషయాల దగ్గరే. ఇంటీరియర్లు గీసే నాకు పదే పదే వినిపించే నమ్మకాలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. వరసకు పెద్ద అర్థం లేదు, ఎక్కువ చిరాకు తెప్పించేది ముందు పెట్టానంతే.

అపోహ: అయస్కాంతం అంటుకోకపోతే అది 304 స్టీలే

304 అంటే తుప్పును బాగా తట్టుకునే ఒక స్టెయిన్‌లెస్ స్టీలు రకం. రెయిలింగ్ కొనడానికి వెళ్లే ప్రతి ఇంటాయన జేబులో ఇప్పుడు చిన్న అయస్కాంతం ఉంటోంది. షాపులో పైపుకు ఆనించి, జారిపోగానే తృప్తిగా తలూపుతారు. షాపతనూ తలూపుతాడు, ఆయనకు తెలుసు కాబట్టి.

మార్కెట్లో రెయిలింగులకు విరివిగా అమ్ముడయ్యే 202 రకానికీ అయస్కాంతం అంటుకోదు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. నికెల్ ఖరీదైన లోహం. 202లో దాన్ని తగ్గించి, ఆ స్థానంలో మాంగనీస్ ఎక్కువ కలుపుతారు. మెరుపు ఒకటే, అయస్కాంతం దగ్గర ప్రవర్తనా ఒకటే, ఉప్పుగాలి తగిలాకే రంగు బయటపడుతుంది. ఇంకో తమాషా ఏమిటంటే, అసలైన 304 పైపునే వంచిన చోట అయస్కాంతం కొద్దిగా లాగొచ్చు. అంటే ఈ పరీక్ష రెండు వైపులా తప్పే. నమ్మదగింది మిల్లు ఇచ్చే టెస్ట్ సర్టిఫికెట్. అది లేకపోతే, బ్యాటరీతో వాడే చుక్కల మందు కిట్లు దొరుకుతాయి. చుక్క ఎర్రబడితే మాంగనీస్ ఎక్కువున్నట్టు.

బీచ్ రోడ్డు మీదో, రుషికొండలో సముద్రానికి ఎదురుగానో ఇల్లయితే 304 కూడా చాలదు, 316 అడగండి. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పును తట్టుకునే శక్తి దాని వల్లే వస్తుంది. మధురవాడ లోపలో, పెందుర్తిలోనో ఉన్నవాళ్లు ఆ ఖర్చు పెట్టుకోనక్కర్లేదు, మంచి 304 సరిపోతుంది.

చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. వాన నేరుగా తగిలే రెయిలింగ్ కంటే సన్‌షేడ్ కింద నీడలో ఉన్నదే ముందు మచ్చలు వేస్తుంది. వాన ఉప్పును కడిగేస్తుంది, నీడలో పేరుకున్న ఉప్పును కడిగేవాళ్లెవరూ ఉండరు. వారానికోసారి మంచినీళ్లతో తుడిస్తే చాలు. గృహప్రవేశానికి ముందు టైల్స్ మీద సిమెంటు మరకలు వదిలించడానికి పనివాళ్లు పోసే యాసిడ్ మాత్రం రెయిలింగ్ దరిదాపుల్లోకి రానివ్వకండి. దాని ఆవిరి చాలు, కొత్త స్టీలు మొహం మాడిపోతుంది. “స్టీలు నాసిరకం వేశారు” అని నాకొచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటి వెనక ఆ యాసిడ్ సీసాయే ఉంది.

అపోహ: మెరైన్ ప్లై అంటే పడవలు చేసే చెక్క, ఇక దానికేమీ కాదు

మెరైన్ అన్న మాట ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. చూడాల్సింది షీటు మీద ఐఎస్‌ఐ గుర్తు పక్కనున్న నంబరు. ఐఎస్ 710 అంటే మెరైన్ గ్రేడు. ఐఎస్ 303 కింద బీడబ్ల్యూఆర్ (మరిగే నీటిని తట్టుకునేది), ఎంఆర్ (తేమను మాత్రమే తట్టుకునేది) అని రెండు రకాలు వస్తాయి. ఎంఆర్‌నే మనవాళ్లు కమర్షియల్ ప్లై అంటారు. తడి తగిలే చోట దాని ఊసే వద్దు.

ఐఎస్ 710 ముక్కను 72 గంటలు నీళ్లలో మరిగించి పరీక్షిస్తారు, నిజమే. అయితే ఆ పరీక్ష పొరల మధ్యనున్న జిగురుకి. పొరలు విడిపోవని అది చెబుతుంది, చెక్క తేమ పీల్చదని చెప్పదు. ప్లై తేమ తాగేది ఎక్కువగా కోసిన అంచుల నుంచి. ముందు మొహానికి ఖరీదైన మైకా వేసి, ఎడ్జ్ బ్యాండింగ్, అంటే అంచులకు పట్టీ అతికించడం, కనిపించే మూడు వైపులే చేసి, గోడ వైపు అంచును పచ్చిగా వదిలేసే పని ఈ ఊళ్లో కోకొల్లలు. సింకు కింద పైపు కోసం కోసిన రంధ్రం చుట్టూ చూడండి, అక్కడ సీలు చేసి ఉంటే ఆ మేస్త్రిని వదులుకోకండి.

బీరువాలో ముక్కిన వాసన సమస్య దీనికి తోబుట్టువే. బయటి గోడకు బీరువాను అతికించి బిగిస్తారు. అక్టోబరు, నవంబరుల్లో ముసురు పట్టినప్పుడు ఆ గోడ తడి పీలుస్తుంది. వెనక ప్యానెల్‌కు గాలాడే సందు లేదు. డిసెంబరులో పట్టుచీరల మీద తెల్ల బూజు. వెనక ఒక అంగుళం ఖాళీ, కిందా పైనా గాలి పోయే సన్న చీలికలు, ప్యానెల్‌కు రెండు వైపులా లామినేట్ ఉంటే సగం సమస్య తీరుతుంది. మిగతా సగం గోడ బయటి పగుళ్లది, దానికి పెయింటర్ని పిలవాలి, నన్ను కాదు.

“అసలు ప్లై ఎందుకు, అంతా డబ్ల్యూపీసీతో చేసేయండి” అనేవాళ్లూ ఉన్నారు. చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే బోర్డు అది. సింకు కింద, బాత్రూమ్ తలుపు చట్రానికి అది భేషైనదే. పొడవైన పుస్తకాల అరకు వేస్తే మాత్రం మధ్యలో వంగుతుంది, స్క్రూని ప్లై పట్టుకున్నంత గట్టిగా పట్టుకోదు.

అపోహ: టేకుకు చెద పట్టదు

టేకు చేవకు, అంటే దుంగ నడిమి ముదురు చెక్కకు, పట్టదు. దాని చుట్టూ ఉండే తెల్లచెక్కకు శుభ్రంగా పడుతుంది. లేత దుంగల్లో తెల్లచెక్కే ఎక్కువ, పాలిష్ రంగు కొడితే రెండూ ఒకేలా ఉంటాయి. కాబట్టి పాలిష్‌కి ముందే చెక్క చూడండి.

ఆన్‌లైన్లో జోధ్‌పూర్ నుంచి వచ్చే శీషం ఫర్నిచర్‌ది ఇంకో కథ. చెక్కలో లోపం లేదు. ఎడారి గాలికి ఆరిన చెక్క ఇక్కడికొచ్చి తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, జులై నాటికి సొరుగులు బిగుసుకుపోతాయి. చాలామంది వెంటనే మేస్త్రిని పిలిచి చిత్రిక పట్టించేస్తారు. జనవరి వచ్చేసరికి సొరుగు లొడలొడమంటుంది. ఒక ఏడాది తిరగనిచ్చి, అప్పటికీ పట్టేస్తుంటే అప్పుడు చెక్కించండి.

అపోహ: మోడర్న్ అంటే గాజు, క్రోమ్, తెలుపు. కేన్ తాతలనాటిది

ఇది వినగానే నేను 1928 సంగతి చెబుతాను. డిజైనర్ మార్సెల్ బ్రాయర్ ఆ ఏడు గీసిన కుర్చీ, తర్వాత చెస్కా అన్న పేరుతో ప్రసిద్ధమైంది, వంచిన స్టీలు గొట్టానికి కేన్ (పేము) అల్లిక. ఆధునిక ఫర్నిచర్ చరిత్రలో దానిది ముందు వరస. చండీగఢ్ కార్యాలయాల కోసం ఆర్కిటెక్ట్ పియర్ జానరే 1950లలో చేయించిన కుర్చీలు టేకు, కేన్. మన దగ్గర తుక్కు కింద అమ్మేసినవాటినే విదేశీ వేలాల్లో ఎగబడి కొన్నారు.

మన గాలికి కేన్ నప్పుతుంది కూడా. దానికి తేమ కన్నా పొడి గాలే శత్రువు, ఏసీ కింద పగలంతా పెడితే పెళుసెక్కి తెగుతుంది. కిటికీ పక్కన పెట్టి, అప్పుడప్పుడూ తడిగుడ్డతో తుడిచి, వెంటనే ఆరనిస్తే చాలా ఏళ్లు వస్తుంది. గాలాడని గదిలో పెడితే బూజు తప్పదు.

హ్యాండిళ్ల తుప్పుతో విసిగినవాళ్లకు నేను చెప్పే మరో దారి ఏటికొప్పాక. అంకుడు కర్ర మీద లక్క పూసి తిప్పిన గుబ్బలు, 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన పనితనం, మన ఊరికి దగ్గర్లోనే. లక్కకు తుప్పు లేదు. ఎండ, వేడి మాత్రం పడవు. బెడ్రూమ్ బీరువాకు బాగుంటాయి, స్టవ్ పక్కన వద్దు. సాదా బూడిదరంగు మైకా మీద ఒక పసుపు గుబ్బ ఎంత ఆధునికంగా ఉంటుందో చూస్తే గానీ నమ్మరు.

అపోహ: ఉత్తరం వైపు ఎండ రాదు, దక్షిణం వైపంతా మంటే

నాకు వాస్తుతో పేచీ లేదు, అది ఇంటివాళ్ల నమ్మకం. సూర్యుడి లెక్క మాత్రం వేరే. విశాఖ ఉన్నది సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, ఆగస్టు మొదట్లో మళ్లీ వస్తాడు. ఆ మధ్య రెండున్నర నెలలూ మిట్టమధ్యాహ్నం మనకు ఉత్తరంగానే ఉంటాడు. జూన్‌లో పడమరకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా జరిగి అస్తమిస్తాడు. వాయవ్యం గది జూన్ సాయంత్రాల్లో ఉడికిపోవడానికి కారణం అదే.

దక్షిణం సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. ఎండలు మండే రోజుల్లో సూర్యుడు చాలా ఎత్తున ఉంటాడు కాబట్టి మామూలు సన్‌షేడ్ ఒక్కటే దక్షిణపు కిటికీని కాపాడుతుంది. ఎండ లోపలికి దూరేది డిసెంబరులో, అప్పుడు దాంతో పెద్ద ఇబ్బంది లేదు. వేసవిలో, తొలకరిలో గాలి వచ్చేది ఎక్కువగా నైరుతి, దక్షిణాల నుంచే. ఆ గోడను పూర్తిగా మూసేసి, తర్వాత గదికో ఏసీ పెట్టుకున్న ఇళ్లు చాలా చూశాను.

అసలు పోరు పడమరతో. మూడు దాటాక సూర్యుడు కిందికి దిగి నేరుగా గదిలోకి చూస్తాడు, సన్‌షేడ్ ఏమీ చేయలేదు. లోపల మందపాటి కర్టెన్ వేస్తే వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసింది. ఆపాల్సింది బయటే: మట్టి జాలీ, వెదురు తడిక, తీగ మొక్క, ఏదైనా సరే. కిటికీ అక్కర్లేని చోట బీరువాల వరసను ఆ గోడకే పెడితే, పైన చెప్పిన సందుతో సహా, గదికి ఒక అడ్డుగోడ దొరికినట్టే.

అపోహ: సీ వ్యూ కావాలంటే గోడంతా అద్దమే, మందం పెంచితే తుపానుకు చాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరం దాటినప్పుడు ఊళ్లో ఉన్నవాళ్లకు ఈ వాదన ఒక్క వాక్యంలో తేలిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు లెక్క చెప్పాలి. మన గాలి కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు ఇచ్చిన మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరు మీద దాదాపు 150 కిలోల తోపుడు పడుతుంది. ఎత్తు, చుట్టుపక్కల భవనాలు, గోడ మూలలను బట్టి అది మారుతుంది, పై అంతస్తుల్లో పెరుగుతుంది. ఆరడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తున్న అద్దాన్ని ఆ లెక్కన సుమారు 670 కిలోలు నెడుతున్నట్టు.

అద్దం అంతటి బరువును మోసినా, దాన్ని పట్టుకున్న ఫ్రేము మోయాలి. ఫ్రేము స్క్రూలు కాంక్రీటులోకి దిగాయా, ప్లాస్టర్‌లోనే ఆగాయా అన్నది అద్దం మందం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న. ఇక టఫెన్డ్ గ్లాసు, అంటే కాల్చి గట్టిపరిచిన అద్దం, పగిలితే చిన్న చిన్న గుళ్లుగా రాలిపోతుంది. మనిషికి గాయం తక్కువే, కానీ ఆ చోట పెద్ద కన్నం మిగులుతుంది. గాలి లోపలికి దూరి ఎదుటి తలుపుల్నీ, రేకుల కప్పునీ లోపల్నుంచి తోస్తుంది. లామినేటెడ్ గ్లాసులో రెండు అద్దాల మధ్య పొర ఉంటుంది, పగిలినా చాలావరకు ఫ్రేములోనే నిలుస్తుంది. సముద్రం వైపు నేను ఇచ్చేది అదే, టఫెన్ చేసినవాటినే జతచేసి.

స్లైడింగ్ ట్రాకులో నీళ్లు పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. పని ముగించే తొందరలో వాటిని సిలికాన్‌తో మూసేసి వెళ్లిపోయేవాళ్లున్నారు. మొదటి గాలివానకి హాల్లో మడుగు, నింద కిటికీ కంపెనీకి. బిల్లు చెల్లించే ముందు ఒక చెంబుడు నీళ్లు ట్రాకులో పోసి చూడండి.

గాలికి ఎదురు నిలబడకుండా తప్పించుకునే ఇల్లు ఉత్తరాంధ్ర తీరంలో ఎప్పటి నుంచో ఉంది. చుట్టిల్లు గుండ్రంగా ఉంటుంది, తాటాకు కప్పు నేలకు దగ్గరగా వంగి ఉంటుంది, గాలి పట్టుకోవడానికి మూల దొరకదు. ఫ్లాటును గుండ్రంగా కట్టమని ఎవరినీ అడగలేం గానీ, బాల్కనీ పైన పొడుచుకొచ్చే తేలికపాటి పెర్గోలాలు, అంటే కమ్మీల నీడపందిళ్లు, గీసేటప్పుడు నాకు అది గుర్తొస్తుంది, పెన్సిల్ ఆగుతుంది.

చిన్నవి ఇంకొన్ని

తెల్లటి ఇటాలియన్ మార్బుల్ కిచెన్ గట్టు: చింతపండు పులుసు, నిమ్మకాయ రోజూ పడే వంటింట్లో వద్దు. మార్బుల్ ప్రధానంగా కాల్షియం కార్బొనేటు, పులుపు దాన్ని తినేస్తుంది. ఎంత తుడిచినా ఆ మచ్చ పోదు, ఎందుకంటే అది మరక కాదు, రాయి కరిగిన గుర్తు. టెక్కలి దగ్గర దొరికే నీలి గ్రానైట్‌ను విదేశాలవాళ్లు వైజాగ్ బ్లూ అని కొనుక్కుంటున్నారు, మనం మాత్రం ఓడలో వచ్చిన రాయి కోసం చూస్తాం. క్వార్ట్జ్ గట్టు పులుపుకు తట్టుకుంటుంది, కానీ అందులో రెజిన్ అనే జిగురు ఉంటుంది, పొయ్యి మీది మూకుడు నేరుగా దించకూడదు.

ఫాల్స్ సీలింగ్ వేస్తే ఇల్లు చల్లబడుతుందన్నది: పై అంతస్తులో వేడి వచ్చేది స్లాబు పైనుంచి. ముందు డాబాకు తెల్లటి కూల్ రూఫ్ పూతో, విరిగిన తెల్ల టైల్స్‌తో చైనా మొజాయికో వేయించండి, లీకులుంటే ఆపించండి. తడిసే స్లాబు కింద జిప్సం బోర్డు వేస్తే, లీకు బయటపడేసరికి బోర్డు ఊడి సోఫా మీద ఉంటుంది.