అమెరికా ఫెడరల్ ఉద్యోగ సంఘాలు: ఒక్క సెక్షన్ మీద ఆధారపడ్డ హక్కులు

2025 మార్చి 27న అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన 14251వ ఉత్తర్వుతో రక్షణ, మాజీ సైనికుల వ్యవహారాలు సహా పలు శాఖల్లో లక్షల మంది ఉద్యోగులు సమష్టి బేరసారాల హక్కు, అంటే సంఘం ద్వారా పని షరతులపై యాజమాన్యంతో చర్చించే హక్కు, కోల్పోయారు. దీనికి కొత్త చట్టం అక్కర్లేకపోయింది. ఆ హక్కు నుంచి సంస్థలను మినహాయించే అధికారం 1978 నాటి చట్టంలోనే ఉంది.

1935లో ప్రైవేటు కార్మికులకు దక్కిన బేరసారాల హక్కు ప్రభుత్వోద్యోగులకు వర్తించలేదు. 1962లో కెన్నెడీ 10988వ ఉత్తర్వుతో చర్చలకు వీలు కల్పించారు గానీ, ఉత్తర్వును తర్వాతి అధ్యక్షుడు ఒక్క సంతకంతో తీసేయగలడు. తపాలా ఉద్యోగులు మాత్రం ఈ అనిశ్చితి నుంచి బయటపడ్డారు. సమ్మె నేరమని తెలిసీ 1970 మార్చిలో సుమారు 2 లక్షల మంది పని ఆపేశారు. న్యూయార్క్‌లో నిక్సన్ సైనికులను దింపారు. అయినా ఆ ఏడాదే వచ్చిన చట్టం జీతాలపైనా బేరమాడే హక్కును తపాలా సంఘాలకు ఇచ్చింది.

మిగతావారికి 1978లో వచ్చిన సివిల్ సర్వీస్ సంస్కరణ చట్టం అంత ఉదారమైనది కాదు. షిఫ్టులు, సెలవుల కేటాయింపు, పనిచోట భద్రత వంటి వాటిపై మాట్లాడవచ్చు. జీతాలపై దాదాపు ఎవరికీ కుదరదు. సమ్మె నిషేధం కొనసాగింది. 1981 ఆగస్టులో సమ్మెకు దిగిన ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు రీగన్ 48 గంటల గడువిచ్చి, 11 వేల మందికి పైగా తొలగించారు.

ఆ చట్టంలో 7103(బి) సెక్షన్ ఉంది. ఒక సంస్థ ప్రధాన విధి నిఘా, దర్యాప్తు లేదా జాతీయ భద్రత అయి ఉండాలి. చట్టం అమలు భద్రతా అవసరాలకు పొసగకపోవాలి. ఈ రెండూ ఉంటేనే అధ్యక్షుడు ఆ సంస్థను చట్టం నుంచి మినహాయించగలడు. కార్టర్, జార్జి డబ్ల్యూ బుష్ దీన్ని పరిమితంగానే వాడారు. మాజీ సైనికుల శాఖ ఆసుపత్రిలోని నర్సు పనిని కూడా ఇందులోకి లాగడం ఆ షరతులను కాలరాయడమే. పైగా సంఘాలు ట్రంప్ విధానాలకు అడ్డుపడుతున్నాయని శ్వేతసౌధం వివరణ పత్రమే నిందించింది. ఇది ప్రతీకారమని కోర్టులో వాదించడానికి సంఘాలకు అదే ఆధారమైంది.

మొదటి దెబ్బ చందాల మీద పడింది. సభ్యత్వం తప్పనిసరి కాకపోయినా, గుర్తింపు పొందిన సంఘం తన యూనిట్‌లోని (అది ప్రాతినిధ్యం వహించే ఉద్యోగుల బృందంలోని) అందరి తరఫునా నిలబడాలి. చందా జీతం నుంచే కోతపడి సంఘానికి చేరేది. ఆ కోత ఆగాక ఒక్కొక్క సభ్యుడితో బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కట్టించుకోవాల్సి వస్తోంది. ఈలోగా వకీళ్ల ఖర్చు మాత్రం ఆగదు.

ఒప్పందం రద్దయిన చోట ఫిర్యాదును మధ్యవర్తి దాకా తీసుకెళ్లే దారి కూడా పోయింది. ఉద్యోగం నుంచి తీసేసినా, 14 రోజులకు మించి సస్పెండ్ చేసినా చాలామంది 30 రోజుల్లోగా, ఫెడరల్ ఉద్యోగుల అప్పీళ్లు వినే మెరిట్ సిస్టమ్స్ ప్రొటెక్షన్ బోర్డుకు వెళ్లవచ్చు. అంతకంటే చిన్న శిక్షలకు, నిరాకరించిన సెలవుకు సాధారణంగా శాఖ అంతర్గత ఫిర్యాదు విధానమే దిక్కు. అక్కడ నిర్ణయం ఆ శాఖ అధికారులదే.