పుట్టగొడుగు తింటే నరాలు మొలుస్తాయా?

‘లయన్స్ మేన్’ అనే పుట్టగొడుగు పొడి తింటే చచ్చిన నరాలు మళ్లీ మొలుస్తాయా అని ఒక పాఠకుడు అడిగారు. డబ్బా మీద ‘వేల ఏళ్ల చైనా వైద్యం’ అని ఉందట. తెల్లటి జడలు వేలాడే ఆ పుట్టగొడుగును చైనాలో హౌటోగూ అంటారు. అక్కడి వైద్యులు దాన్ని ఎక్కువగా వాడింది పొట్ట జబ్బులకు! నరాల సంగతి తేలింది జపాన్ ప్రయోగశాలలో, 1991లో. పాతదంటే చాలు, మనం ప్రశ్నలడగడం మానేస్తాం.

అక్కడి శాస్త్రవేత్త కవాగిషి బృందం ఆ పుట్టగొడుగు నుంచి హెరిసెనోన్లనే చిన్న అణువులను వేరుచేసింది. గాజుపాత్రలో పెంచిన ఆస్ట్రోగ్లియల్ కణాలకు (మెదడులో నాడీకణాలకు తోడుండే కణాలు) వాటిని తగిలిస్తే, ఆ కణాలు ఎన్‌జీఎఫ్ అనే, నరాలను పెంచే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేశాయి. 1994లో ఆ పుట్టగొడుగు మైసీలియంలో, అంటే వేళ్లలా పాకే దాని బూజు పోగుల్లో, ఎరినాసిన్లు దొరికాయి. అవీ అదే పని చేశాయి.

నాకు అసలు మోజు ఈ ఎన్‌జీఎఫ్ మీదే. 1950లలో రీటా లెవీ-మోంటాల్చినీ, స్టాన్లీ కోహెన్ దీన్ని పాము విషంలో, ఎలుక లాలాజల గ్రంథిలో పట్టుకున్నారు. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కోడిపిండం నాడీకణాల ముద్ద మీద దీని చుక్క వేస్తే, ఒక్క రోజులో చుట్టూరా తంతువులు పొడుచుకొచ్చాయి.

పందిరి కోసం తడుముకునే బీరతీగ నులితీగను చూసే ఉంటారు. నాడీతంతువు కొస కూడా అలాగే తడుముతుంది. ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులు వేళ్లలా ముందుకు చాచుకుంటాయి. పట్టు దొరికిన వైపు మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నటి ప్రొటీన్ గొట్టాలు చొరబడి తంతువును గట్టిచేస్తాయి. పిండదశలో ఎన్‌జీఎఫ్ అందని కణాలు, ఆసరా లేని తీగల్లాగే, చచ్చిపోతాయి. కానీ తీగకు బలం వేరు నుంచి కొసకు పాకుతుంది. ఇక్కడ కబురు కొస నుంచి వెనక్కి నడుస్తుంది. ఎన్‌జీఎఫ్ తంతువు కొస మీదున్న ట్రెక్-ఏ అనే గ్రాహకాన్ని (కబురు అందుకునే ప్రొటీన్) అంటుకోగానే గ్రాహకాలు జతకడతాయి, ఒకదానికొకటి ఫాస్ఫేట్లు తగిలించుకుంటాయి. ఆ జత ఒక బుడగలో చుట్టుకుని, డైనీన్ అనే మోటారు ప్రొటీన్ లాగుతుంటే కణకేంద్రకం దాకా ప్రయాణిస్తుంది. దారిలో ఈఆర్‌కే అనే ఎంజైము ఎంతసేపు వెలిగి ఉందన్నది, అంటే చురుగ్గా ఉందన్నది, కీలకం. ప్రయోగశాలలో పెంచే ఎలుక పీసీ12 కణాల్లో అది కాసేపే వెలిగితే కణం విభజన చెందుతుంది, చాలాసేపు వెలిగితే తంతువులు వేస్తుంది.

ఎన్‌జీఎఫ్‌నే మింగితే పొట్టలో అరిగిపోతుంది. సూదితో రక్తంలోకి ఎక్కించినా, అంత పెద్ద ప్రొటీన్ రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ దాటదు. అందుకే, లోపలే దాన్ని తయారుచేయించే చిన్న అణువుల మీద ఇంత ఆశ. అయినా ఇది అన్ని నరాలకూ పనికొచ్చే మందు కాదు. నొప్పి, వేడి కబురు మోసే కొన్ని కణాలు, గుండె వేగం లాంటివి నడిపే సింపథెటిక్ కణాలు, మెదడు అడుగున ఉన్న కోలినర్జిక్ (ఎసిటైల్‌కోలిన్‌తో కబురంపే) కణాలు మాత్రమే దీని మాట వింటాయి. పైగా మోతాదు పెరిగితే నొప్పి పుట్టిస్తుంది.

మరి మనుషుల్లో? 2009లో అచ్చయిన జపాన్ పరీక్షలో, స్వల్ప మతిమరుపున్న 30 మందిలో సగం మందికి రోజుకు సుమారు 3 గ్రాముల పొడి 16 వారాలు ఇచ్చారు. జ్ఞాపకశక్తి ప్రశ్నల్లో వాళ్ల మార్కులు పెరిగాయి. ఆపేసిన 4 వారాలకు తగ్గాయి. కొత్త తంతువులే మొలిచి ఉంటే నెల తిరక్కుండానే ఎందుకు వాడిపోయాయి? ఆ పరీక్షలో కొలిచింది జ్ఞాపకశక్తి ప్రశ్నల మార్కులను. తంతువులను ఎవరూ చూడలేదు.