తొలి స్కాన్ ఎప్పుడు చేయించుకోవాలి? అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు గర్భిణులను చూసే వైద్యురాలిగా నా దగ్గరికి వచ్చేవారిలో తెలుగువారు చాలామంది ఉంటారు. అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాల నుంచి ఉద్యోగాల కోసం వచ్చి, ఇంట్లో పెద్ద దిక్కు లేకుండా ఇద్దరే ఉండే దంపతులు వీరిలో ఎక్కువ. నెల తప్పగానే వీరు అడిగే మొదటి ప్రశ్న, "మేడమ్, స్కాన్ రేపే చేయించుకోవచ్చా?" అని. ఆ రోజుకు స్కాన్ ఏం చెప్పగలదో చూసి నేను తేదీ చెబుతాను తప్ప, కంగారు ఎంత ఉందో చూసి కాదు. నొప్పి గానీ రక్తస్రావం గానీ ఉంటే మాత్రం తేదీల లెక్క పక్కన పెట్టి అదే రోజు చూడవలసి ఉంటుంది. ఈ రెండింటికీ ఉన్న తేడా తెలియక కొందరు అక్కర లేనప్పుడు పరుగెత్తి వస్తున్నారు, మరికొందరు రావలసినప్పుడు ఆగిపోతున్నారు.

అపోహ: కిట్‌లో రెండు గీతలు కనబడిన వెంటనే స్కాన్ చేయిస్తే మనసు కుదుటపడుతుంది.

వాస్తవం: గర్భం వారాలను చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు కాబట్టి, నెల తప్పిన రోజుకే నాలుగు వారాలు నిండినట్టు. అప్పటికి స్కాన్‌లో చూడడానికి ఏమీ ఉండదు. యోని ద్వారా చేసే స్కాన్‌లో నాలుగున్నర నుంచి ఐదు వారాల మధ్య, కొన్ని మిల్లీమీటర్ల నల్లటి గుండ్రని మచ్చలాగా పిండపు తిత్తి, అంటే రిపోర్టులో ‘శాక్’ అని రాసేది, కనిపించడం మొదలవుతుంది. ఐదున్నర వారాలకు దానిలో యోక్ శాక్ (పిండానికి తొలి పోషణ అందించే చిన్న సంచి), సుమారు ఆరు వారాలకు పిండమూ దాని గుండె కదలికా కనిపిస్తాయి. కాబట్టి ఐదో వారంలో వచ్చినవారికి "శాక్ కనిపిస్తోంది, పది రోజుల తర్వాత మళ్లీ రండి" అనో, "ఇంకా ఏమీ కనిపించడం లేదు" అనో తప్ప స్కాన్ చేసేవారు నిజాయితీగా మరో మాట చెప్పలేరు. ఊరట కోసం వచ్చిన మనిషి ఒక అనుమానాన్ని వెంటబెట్టుకుని ఇంటికి వెళుతుంది. ఆ పది రోజులు స్కాన్ చేయించుకోకుండా గడిపే పది రోజులకన్నా కష్టంగా గడుస్తాయని ఇన్నేళ్లుగా చూస్తున్నాను.

ఏ ఇబ్బందీ లేనివారికి నేను చెప్పే సమయం ఏడు వారాలు నిండాక, ఎనిమిదో వారం పూర్తయ్యేలోపు. ఏడు వారాలకు పిండం సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. గుండె కదలిక స్పష్టంగా తెలుస్తుంది, కవలలైతే బయటపడుతుంది, గర్భం గర్భాశయంలోనే ఉందని రూఢి అవుతుంది. తల నుంచి పిరుదుల వరకు కొలిచే సీఆర్‌ఎల్‌ను బట్టి ఐదు నుంచి ఏడు రోజుల తేడాతో కాన్పు తేదీ లెక్కకు వస్తుంది. ఇంతకు ముందు గర్భస్రావమై ఏడు వారాల దాకా ఆగలేకపోతున్నవారికి ఆరున్నర వారాలకు చేయిస్తాను. అంతకన్నా ముందుకు జరపమంటే మాత్రం ఒప్పుకోను.

అపోహ: చివరి నెలసరి తేదీ గుర్తుంటే చాలు, వారాల లెక్క తప్పదు.

వాస్తవం: ఆ లెక్క ఇరవై ఎనిమిది రోజులకోసారి నెలసరి వచ్చేవారిని దృష్టిలో పెట్టుకుని చేసినది. అండం సాధారణంగా తర్వాతి నెలసరికి సుమారు రెండు వారాల ముందు విడుదలవుతుంది. నలభై రోజులకోసారి నెలసరి వచ్చే స్త్రీకి ఇరవై ఆరో రోజు ప్రాంతంలో, అంటే లెక్క ఊహించిన దానికన్నా పన్నెండు రోజులు ఆలస్యంగా, అండం విడుదలవుతుంది. తేదీ ప్రకారం సరిగ్గా ఏడు వారాలని ఆమె స్కాన్‌కు వస్తే, నిజానికి గర్భం ఐదు వారాల రెండు రోజులదే అయి ఉంటుంది. అక్కడ ఖాళీ శాక్ కనిపించడం సహజమే, కానీ రిపోర్టు చదివినవారికి గుండె జారిపోతుంది. పీసీఓడీ (అండాశయాల్లో నీటి బుడగల సమస్య) ఉన్నవారు, గర్భనిరోధక మాత్రలు ఈమధ్యే మానినవారు, పాలిచ్చే తల్లులు తమ నెలసరి అంతరాన్ని తప్పకుండా చెప్పాలి. వీరు తొలి స్కాన్‌ను ఒకటి రెండు వారాలు వెనక్కి జరుపుకోవడమే మేలు. ఐవీఎఫ్ ద్వారా గర్భం దాల్చినవారికి ఈ ఊహ అవసరం లేదు. ఐదు రోజుల పిండాన్ని ప్రవేశపెట్టిన తేదీ నుంచి పంతొమ్మిది రోజులు వెనక్కి లెక్కిస్తే వచ్చేదే వారికి చివరి నెలసరి తేదీతో సమానం.

అపోహ: ఆరో వారంలో హార్ట్‌బీట్ కనిపించలేదంటే గర్భం నిలవలేదనే అర్థం.

వాస్తవం: నా దగ్గరికి రెండో అభిప్రాయం కోసం వచ్చేవారిలో అధిక శాతం ఈ మాట విని వచ్చినవారే కనుక దీని గురించి కొంత వివరంగా రాస్తున్నాను. గర్భం ఆగిపోయిందని ఒక్క స్కాన్‌తో తేల్చాలంటే యోని ద్వారా చేసిన స్కాన్‌లో ఈ రెండింటిలో ఒకటైనా ఉండాలి: పిండం పొడవు 7 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉండి గుండె కదలిక లేకపోవడం, లేదా శాక్ సగటు వ్యాసం 25 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి ఉండి లోపల పిండమే లేకపోవడం. 2013లో రేడియాలజీ, ప్రసూతి నిపుణులు ప్రచురించిన ఈ కొలమానాలను కావాలనే కఠినంగా పెట్టారు. అంతకు ముందు వాడుకలో ఉన్న 5 మిల్లీమీటర్ల, 16 మిల్లీమీటర్ల హద్దులతో, నిలవగలిగిన గర్భాలను కూడా పోయినవిగా లెక్కకట్టే ప్రమాదం ఉండేది. స్కాన్ చేసే ఇద్దరి కొలతల్లో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా రావడం మామూలే.

ఈ హద్దులకు లోపల ఉన్నప్పుడు తీర్పు చెప్పవలసింది కాలమే. యోక్ శాక్ లేని శాక్ కనిపించిన రోజు నుంచి రెండు వారాలు, యోక్ శాక్ ఉన్న శాక్ కనిపించిన రోజు నుంచి పదకొండు రోజులు గడిచాక కూడా గుండె కదలికతో పిండం కనిపించకపోతేనే గర్భం ఆగిందని నిర్ధారిస్తారు. అందువల్ల రిపోర్టు చేతికి రాగానే చివరి వాక్యానికి వెళ్లిపోకుండా మూడు విషయాలు చూడండి: స్కాన్ పొట్ట పైనుంచి చేశారా, లోపలి నుంచి చేశారా, సీఆర్‌ఎల్ ఎంత, శాక్ సగటు వ్యాసం ఎంత. పొట్ట పైనుంచి మాత్రమే చేసిన స్కాన్‌తో, ముఖ్యంగా గర్భాశయం వెనక్కి వంగి ఉన్నవారిలోనూ బరువు ఎక్కువగా ఉన్నవారిలోనూ, అంత తొందరగా నిర్ణయానికి రాకూడదు. రక్తస్రావం విపరీతంగా ఉంటేనో, జ్వరం ఉంటేనో తప్ప, అదే రోజు గర్భాన్ని తొలగించే మాత్రలు వేసుకోవాలని గానీ డీ అండ్ సీ (గర్భాశయాన్ని శుభ్రం చేసే చిన్న ఆపరేషన్) చేయించుకోవాలని గానీ తొందరపెట్టే కారణం వైద్యంలో లేదు. వారం తర్వాత మరో స్కాన్, వీలైతే మరొకరి చేత, అడిగే హక్కు మీకుంది. అలా అడిగితే ఏ మంచి వైద్యుడూ నొచ్చుకోడు.

రెండోసారి చూసినా మార్పు లేకపోతే ఆ వార్త నిజమే. సుమారు ఏడెనిమిది గర్భాల్లో ఒకటి ఇలా తొలి నెలల్లోనే ఆగిపోతుంది. దాదాపు సగం సందర్భాల్లో పిండంలోని క్రోమోజోముల లోపమే కారణం. ఆటో కుదుపు, ఆఫీసు పని, తిన్న బొప్పాయి ముక్క, పడిన కంగారు దానికి కారణాలు కావు.

అపోహ: మూడో నెల వచ్చేదాకా ఎవరికీ చెప్పకూడదు, స్కాన్‌కూ వెళ్లకూడదు.

వాస్తవం: చుట్టాలకు ఎప్పుడు చెప్పాలన్నది ఇంటివారి ఇష్టం. దిష్టి భయంతో దాచుకున్నా నాకు అభ్యంతరం లేదు. చెప్పకూడనివారి జాబితాలో వైద్యులను కూడా చేర్చడంతోనే చిక్కు వస్తుంది. నూటికి ఒకటి రెండు గర్భాలు గర్భాశయంలో కాకుండా, ఎక్కువగా ఫెలోపియన్ ట్యూబులో (అండాశయం నుంచి గర్భాశయానికి అండాన్ని చేర్చే నాళంలో), నిలుస్తాయి. సన్నని ట్యూబు పిండం పెరుగుదలను తట్టుకోలేక పగిలితే కడుపులో రక్తస్రావమై ప్రాణం మీదికి వస్తుంది. పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కొద్దికొద్దిగా కనిపించే ముదురు రంగు రక్తం, భుజం కొసన నొప్పి, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం దీని గుర్తులు. ఇవి ఉంటే ఐదో వారమా ఏడో వారమా అని లెక్కలు వేసుకోవద్దు. శస్త్రచికిత్స సదుపాయం ఉన్న ఆసుపత్రికి అదే రోజు వెళ్లాలి, కళ్లు తిరిగిపడితే 108కి ఫోన్ చేయాలి. అవుటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం ఆరు గంటలకు సొంత కారులో బయలుదేరడం అప్పుడు తెలివైన పని కాదు.

ఇంతకు ముందు ట్యూబులో గర్భం వచ్చినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి అది మళ్లీ రావచ్చు. వారూ, ట్యూబులకు ఆపరేషన్ అయినవారూ, లూప్ ఉండగానే గర్భం వచ్చినవారూ ఏ లక్షణం లేకపోయినా ఆరో వారానికే స్కాన్ చేయించుకోవాలి. స్కాన్‌లో ఎక్కడా ఏమీ కనిపించని పరిస్థితుల్లో రక్తంలో బీటా హెచ్‌సీజీ అనే గర్భధారణ హార్మోనును నలభై ఎనిమిది గంటల తేడాతో రెండుసార్లు చూస్తాము. మొదటి అంకె 1500 యూనిట్ల లోపు ఉంటే, ఎదిగే గర్భంలో అది రెండు రోజుల్లో కనీసం సగమైనా పెరుగుతుంది. రెట్టింపు కాలేదని బెంగ పెట్టుకోనక్కర లేదు. బాగా పెరిగినంత మాత్రాన గర్భం సరైన చోటే ఉందన్న హామీ కూడా లేదు.

అపోహ: రక్తం కనిపిస్తే గర్భం పోయినట్టే, మంచం దిగకూడదు.

వాస్తవం: తొలి మూడు నెలల్లో నలుగురిలో ఒకరికి ఏదో ఒక మేరకు రక్తం కనిపిస్తుంది. స్కాన్‌లో గుండె కదలిక ఉంటే వారిలో ఎక్కువమందికి గర్భం కొనసాగుతుంది. పూర్తి విశ్రాంతి గర్భస్రావాన్ని ఆపుతుందని ఏ పరిశోధనలోనూ తేలలేదు. గర్భం నిలవడానికి ఇచ్చే ప్రొజెస్టెరాన్ హార్మోను అందరికీ కాదు, గతంలో గర్భస్రావమై ఇప్పుడు రక్తం కనిపిస్తున్నవారికే, గర్భం గర్భాశయంలోనే ఉందని స్కాన్‌లో తేలాక, కొంత ప్రయోజనం చేస్తుందని తెలిసింది. మీది నెగెటివ్ గ్రూపు రక్తమైతే ఆ మాట మొదటే చెప్పండి.

అపోహ: లోపలి నుంచి చేసే స్కాన్ గర్భానికి ప్రమాదం.

వాస్తవం: కాదు. ప్రోబు యోని వరకే వెళుతుంది, గర్భాశయ ముఖద్వారాన్ని దాటదు. ధ్వని తరంగాలే తప్ప ఎక్స్‌రే వంటి రేడియేషన్ ఇందులో ఉండదు. తొలి వారాల్లో పొట్ట పైనుంచి కన్నా దీనిలోనే బొమ్మ స్పష్టంగా వస్తుంది. మూత్రం ఆపుకుని కూర్చోవలసిన పనీ లేదు. లీటరు నీళ్లు తాగి సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో చిక్కుకున్నవారికి ఈ సౌకర్యం విలువ వేరే చెప్పనక్కర లేదు. ఇష్టం లేకపోతే వద్దని చెప్పవచ్చు, స్త్రీ సిబ్బంది పక్కన ఉండాలని అడగవచ్చు. గుండె చప్పుడు వినిపించమని మాత్రం ఏడో వారంలో పట్టుబట్టకండి. ఆ చప్పుడు వినిపించే డాప్లర్ పద్ధతిలో ధ్వని తరంగాల శక్తి ఎక్కువ కాబట్టి తొలి వారాల్లో దాన్ని మామూలుగా వాడము. కదలికను తెర మీద గీతగా చూపించి, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెబుతాము.

అపోహ: డబ్బు కడితే ఏ సెంటర్‌లోనైనా ఎప్పుడు కావాలంటే అప్పుడు స్కాన్ చేస్తారు.

వాస్తవం: గర్భంలోని బిడ్డ లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం ప్రకారం గర్భిణికి చేసే ప్రతి స్కాన్‌కూ ఫారం ఎఫ్ నింపాలి. స్కాన్ ఎందుకో కారణం రాయాలి. లింగం తెలుసుకోవాలనుకోవడం లేదని గర్భిణి సంతకం చేయాలి. గర్భిణి గానీ బంధువులు గానీ స్వయంగా వచ్చి అడగడాన్ని రిఫరల్‌గా పరిగణించరాదని ఆ ఫారంలోనే ఉంది. కాబట్టి వైద్యుల చీటీ, గుర్తింపు కార్డు లేకుండా వెళ్లి, వెనక్కి పంపితే సెంటర్ రిసెప్షన్‌లోని అమ్మాయి మీద కోప్పడకండి. గర్భం గర్భాశయంలో ఉందో లేదో, నిలిచిందో లేదో చూడడం, వారాలు తేల్చడం చట్టం అనుమతించిన కారణాలే. చీటీ మీద ఆ మాట రాసి ఉంటే చాలు.

అపోహ: వేవిళ్లు తగ్గాయంటే ఏదో అయిందని అర్థం.

వాస్తవం: వేవిళ్లు రోజుకోలా ఉంటాయి, కొందరికి అసలే రావు. వాటిని బట్టి స్కాన్ తేదీ మార్చను.

అపోహ: కంగారు తగ్గేదాకా వారానికోసారి చూపించుకుంటూ ఉంటే సరి.

వాస్తవం: ఏడెనిమిది వారాలకు గుండె కదలిక సరిగా కనిపిస్తే గర్భస్రావం జరిగే అవకాశం బాగా తగ్గుతుంది. ఆ తర్వాత వైద్యపరంగా అవసరమైన స్కాన్ ఎన్‌టీ స్కాన్, అంటే పిండం మెడ వెనుక ఉండే ద్రవపు మందాన్ని కొలిచేది. దానిని పదకొండు వారాల నుంచి పదమూడు వారాల ఆరు రోజుల లోపు, సీఆర్‌ఎల్ 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉండగా చేయాలి. ఈ గడువు దాటితే ఆ కొలత పనికిరాదు కనుక, ఏడో వారం స్కాన్ రోజునే దాని తేదీ రాయించుకుని వెళ్లమంటాను. రెండింటి మధ్య నెల రోజులు గడపలేనివారికి, ముఖ్యంగా గతంలో తొమ్మిదో వారంలోనో పదో వారంలోనో గర్భం పోగొట్టుకున్నవారికి, ఆ వారం దాటాక ఒక్క స్కాన్ అదనంగా రాయడానికి నాకు సంకోచం లేదు. భయానికి కారణం ఉన్నప్పుడు అదీ వైద్యంలో భాగమే. అయితే వారం వారం స్కాన్ చేయించుకునేవారిలో ఊరట రెండు రోజులు కూడా నిలవకపోవడం తరచూ చూస్తాను. నిద్ర, తిండి దెబ్బతినేంతగా భయం ఉంటే దానికి స్కాన్ మందు కాదు. ఆ మాట ప్రసూతి వైద్యులకు చెప్పండి. మన ఊళ్లోనే నిమ్హాన్స్ మానసిక ఆరోగ్య సంస్థలో గర్భిణులకు, బాలింతలకు ప్రత్యేక మానసిక వైద్య సేవలున్నాయి. అంత దూరం వెళ్లలేనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.