తండాకు బడి వచ్చింది గానీ భాష రాలే: గొడవంతా 1976 కాడనే ఉంది

తమిళనాడు త్రిభాషా సూత్రం (బడిలో మూడు భాషలు చెప్పాలన్న పద్ధతి) పంచాయితీ 2025లో మళ్లీ రాజుకున్నప్పటి నుంచి మన దగ్గర కూడా అదే ముచ్చట, దేశం ఒక్కటిగా ఉండాలంటే బడిలో ఏ భాష చెప్పాలె అని. హిందీనా, తెలుగా, ఇంగ్లిషా అనే కాడికే అందరూ ఆగిపోతున్నరు. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి తండాల పిల్లలు ఇంట్ల మాట్లాడే గోర్ బోలి (లంబాడీ, బంజారా, లమానీ అన్నా ఇదే భాష) సంగతి ఎవరూ ఎత్తుతలేరు. ఆ మూడు భాషల సూత్రం తెచ్చిన 1968 జాతీయ విద్యా విధానం కథ అందరికీ తెల్సిందే, దాని జోలికి పోను.

నా లెక్కల అసలు మలుపు 1976. అప్పటిదాకా ఆంధ్ర ప్రాంతం సుగాలీలు ఎస్టీలు, తెలంగాణ లంబాడీలు కాదు, అదే జనం, అదే మాట, నడుమ కృష్ణ ఒక్కటే అడ్డం. ఆ ఏడు పార్లమెంటు చట్టం చేసి ఇక్కడోళ్లను కూడా చేర్చింది (దీనిమీద ఆదివాసీ సంఘాల అభ్యంతరాలున్నయి, అది వేరే కథ). తర్వాత గిరిజన హాస్టళ్లు, ఆశ్రమ పాఠశాలలు, తండా బడులు పెరిగినయి, అన్నం పెట్టిన్రు, బట్టలిచ్చిన్రు, సారు మాత్రం తెలుగు వాచకమే పట్టుకొచ్చిండు. మాతృభాషలో ప్రాథమిక చదువుకు ఏర్పాటు చేయాలనే 350ఎ అధికరణ రాజ్యాంగంల 1956లోనే చేరింది, అయినా ఎస్టీ గుర్తింపుకు, దానికి ఇక్కడ ముడి పడలే. ఇయ్యాల్టి తగాదా మొత్తం ఆ పడని ముడి కాడనే ఉందంట నేను.

ఇంకో నలభై అయిదేళ్లు ఎనక్కి పోదాం. 1931లో ఇదే దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన రెండో ఆంధ్ర మహాసభ జరిగింది. నిజాం ఉర్దూ రాజ్యంల తెలుగు పిల్లలకు తెలుగులో చదువు కావాలని ఆ ఉద్యమంల మనోళ్లే కొట్లాడిన్రు గదా, తండాలోళ్లు అదే అడిగితే ఇప్పుడు ఐక్యత యాదికొస్తుంది.

2004లో ఉమ్మడి ఏపీ సర్కారు ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టింది, బంజారా అందులో ఒకటి. లిపి తెలుగుదే, ముందు ఇంటి మాటలో అక్షరాలు దిద్దించి మెల్లగా తెలుగుకు మళ్లించుడు. మంచి పద్ధతే, కానీ అన్ని తండాలకు పాకలే. 2018లో తెలంగాణల తండాలు గ్రామ పంచాయతీలైనయి, అదే ఏడు బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ ఇంకో చట్టం వచ్చింది, అంటే సర్పంచ్ కుర్చీ తండాకు, పుస్తకం మాత్రం పాతదే. 2022 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం.

తండా పిల్లలకు గోర్ బోలిల చదువు వద్దనేటోళ్లు ఏమంటరంటే తల్లిదండ్రులే ఇంగ్లిష్ అడుగుతున్నరు, గోర్ బోలికి లిపి లేదు అని. మొదటిది నిజమే, దాన్ని కాదనలేం. రెండోది నిలబడదు, బోడోను దేవనాగరిలోనే రాస్తరు, అయినా 2003 సవరణతో సంతాలీతో పాటు ఎనిమిదో షెడ్యూల్లకు (రాజ్యాంగంల ఉన్న భాషల పట్టికకు) ఎక్కింది, దానివల్ల దేశం చీలిందా?

2011 జనగణన లెక్కల్ల లమానీ, లంబాడీ మా భాష అని చెప్పినోళ్లు 32 లక్షలకు పైనే, కానీ పట్టికల వాళ్లను హిందీ కిందనే కలిపిన్రు. వచ్చే జనగణనల వేరే లెక్క కట్టాలనే డిమాండ్ అందుకే. లిపి పంచాయితీ కూడా తెగాలె, ఇక్కడ తెలుగు, కర్ణాటకల కన్నడ, మహారాష్ట్రల దేవనాగరి, ఒకే పాఠం మూడు తీర్ల అచ్చేసుడా లేకుంటే ఒక్కదానికి ఒప్పుకునుడా అన్నది తండాలోళ్లే తేల్చుకోవాలె.